నాలుగేళ్ల తర్వాత తగిలిన లాటరీ: టెక్సాస్‌లోని జంక్షన్ ఊళ్లో జింక వేట, మూడు రోజుల అనుభవం

అక్టోబరులో ఒక మంగళవారం ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి మెయిల్ వచ్చింది, మీరు ఎంపికయ్యారు అని. నాలుగేళ్లుగా దరఖాస్తు పెడుతున్నాను, ప్రతిసారీ రాలేదనే కబురే చూసి అలవాటైపోయింది, అందుకే పేరు, తేదీ, చోటు మూడూ రెండుసార్లు చదువుకుని అప్పుడు మా బావకి ఫోన్ చేశాను. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రభుత్వ భూముల్లో వేటకి ఏటా పెట్టే లాటరీ ఇది. ఇద్దరి పేర్లూ ఒకే దరఖాస్తులో పెట్టాం కాబట్టి ఇద్దరికీ కలిపే వచ్చింది. జంక్షన్ అనే చిన్న ఊరి పక్కన సౌత్ లానో రివర్ స్టేట్ పార్కు, డిసెంబరు రెండో వారం, మూడు రోజులు.

లాటరీ అంత పెద్ద విషయమా అని అడిగేవాళ్ల కోసం చెప్తున్నా. టెక్సాస్‌లో భూమి దాదాపు 95 శాతం ప్రైవేటు వాళ్లది. వేటకి వెళ్లాలంటే ఎక్కువగా ఎవరిదో ఒక రాంచ్‌లో, అంటే పశువులు మేపుకునే పెద్ద భూమిలో, కౌలు తీసుకోవాలి, దానికి ఏడాదికి వేల డాలర్లు. మా ఆఫీసులో ఒకాయన అట్లాగే కడుతున్నాడు, వెళ్లేది మాత్రం ఏడాదికి రెండుసార్లు. మాలాంటి అపార్ట్‌మెంట్ వాళ్లకి, తాతల కాలం నుంచి ఇక్కడ భూమి లేని వాళ్లకి, ఈ లాటరీ ఒక మంచి తలుపు. దరఖాస్తుకి మనిషికి 3 డాలర్లు. వస్తే పర్మిట్‌కి 80 డాలర్లు, అంతే. జులైలో దరఖాస్తులు తెరుస్తారు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. రానివాళ్లకి ఆ కేటగిరీలో ఒక పాయింట్ కలుపుతారు, మరుసటి ఏడాది అవకాశం కొంచెం పెరుగుతుంది. వచ్చిందంటే పాయింట్లు మళ్లీ సున్నా.

మేము చేసిన తప్పు ఒకటుంది, మొదటి మూడేళ్లూ మగ జింక కూడా కొట్టగలిగే కేటగిరీకే పెట్టాం. అందరికీ కొమ్ములే కావాలి, అందుకే అక్కడ పోటీ విపరీతం. నాలుగో ఏడాది ఆడ జింకలు, కొమ్ము చీలని చిన్న మగ జింకలు మాత్రమే ఉండే కేటగిరీకి మారాం, వెంటనే తగిలింది. మాకు కావాల్సింది మాంసం, గోడకి తగిలించే తల కాదు. మీకూ అదే అయితే మొదటి రోజు నుంచే ఇటు రండి, మాలాగా మూడేళ్లు వృథా చేసుకోవద్దు.

కాగితాల పని ముందే చూసుకోవాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి తీరాలి, 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చునే చేయొచ్చు. వేట లైసెన్సు వేరుగా కొనుక్కోవాలి. వీసా మీద ఉన్న మనవాళ్లు చాలామంది తుపాకీ ముట్టుకోవడమే నేరం అనుకుంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బి లాంటి వీసా వాళ్లకి తుపాకీ నిషేధమే, కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. మా బావది ఆ పరిస్థితే. ఆయన ఒక లాయర్‌ని అడిగి, కాగితంలో రాయించుకుని, ఆ తర్వాతే తుపాకీ కాల్చడం నేర్పే రేంజ్‌కి వచ్చాడు. మీరూ అట్లాగే చేయండి, ఎవరో చెప్పారని వెళ్లకండి, ఇది ఆటలాడే విషయం కాదు.

మేముండే అర్వింగ్ (డల్లాస్ పక్కనే) నుంచి బయల్దేరి ఫోర్ట్ వర్త్ దాటాక 377 రోడ్డు పట్టుకుంటే నేరుగా జంక్షన్ దాకా అదే రోడ్డు. గ్రాన్‌బరీ, స్టీఫెన్‌విల్, కొమాంచీ, బ్రౌన్‌వుడ్, బ్రేడీ, మేసన్, ఇట్లా ఊరు తర్వాత ఊరు. హైవే మీద ట్రక్కుల మధ్య వెళ్లడం కంటే ఇది కొంచెం ఆలస్యమైనా మనసుకి హాయి. బ్రేడీ దాటిన తర్వాత నేల ఎరుపెక్కుతుంది, రాళ్లు పైకి వస్తాయి, అచ్చం మా అచ్చంపేట నుంచి నల్లమలలోకి, మన్ననూరు ఎక్కే దారిలాగా, నిజంగా బావ కారు ఆపమని చెప్పి దిగి కాసేపు నిలబడ్డాడు. మేసన్‌లో కోర్టు చౌరస్తా చూడదగ్గది. ఈ జిల్లాలోనే పుష్యరాగం (టోపాజ్) దొరుకుతుంది, అందులో నీలి రంగుది టెక్సాస్ రాష్ట్ర రత్నం కూడా. టీ తాగి ముందుకెళ్లాం. ఇంట్లో నుంచి పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళ్లాం కాబట్టి తిండికి ఎక్కడా ఆగలేదు, అది మంచిదైంది, బ్రౌన్‌వుడ్ దాటాక మన తిండి మాట మర్చిపోవాలి.

మొదటి రాత్రి జంక్షన్‌లో ఒక మోటెల్‌లో దిగాం. పేరు చెప్పను, కానీ జరిగింది చెప్తాను, ఎందుకంటే సీజన్‌లో ఇట్లాంటిది ఎవరికైనా జరగొచ్చు. రెండు మంచాల గది బుక్ చేసి ముందే డబ్బు కట్టాం. రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తే ఒకటే మంచం ఉన్న గది ఇచ్చి, మిగతావి వేటగాళ్లతో నిండిపోయాయి అన్నారు. హీటర్ రాత్రంతా గడగడలాడుతూనే ఉంది. గది అద్దె మామూలు రోజుల కంటే బాగా ఎక్కువ. ముఖ్యంగా నన్ను బాధపెట్టింది ఇది, తుపాకీలు కారులో వదలకూడదని గదిలోకి తెచ్చుకుంటే తలుపు గడియ సరిగా పడట్లేదు, చెప్తే రేపు చూస్తాం అన్నారు. కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాం. వేట సీజన్‌లో ఊళ్లో ఉండాలంటే రెండు నెలల ముందు ఫోన్ చేసి, మనిషితో మాట్లాడి, గది నంబరు కూడా రాయించుకోండి. లేదంటే మేము రెండో రాత్రి నుంచి చేసినట్టు పార్కులోనే గుడారం వేసుకోండి. నీళ్లు, కరెంటు, వేడి నీళ్ల స్నానాల గది అన్నీ ఉన్నాయి, మోటెల్ కంటే నూరు రెట్లు నయం.

ఈ పార్కు భూమి సంగతి కొంచెం చెప్పాలి. ఇది వాల్టర్ బక్ అనే రైతుది, 1977లో మొత్తం రాష్ట్రానికి దానంగా రాసిచ్చేశాడు, 1990లో పార్కుగా తెరిచారు. నది ఒడ్డున పెకాన్ చెట్ల తోపు, వెనక రాళ్ల గుట్టలు, వాటి మీద ఓక్, సీడర్, నాగజెముడు పొదలు. చలికాలంలో ఆ పెకాన్ చెట్ల మీద వందల కొద్దీ అడవి టర్కీలు రాత్రికి వాలతాయి, వాటిని బెదరగొట్టకూడదని అక్టోబరు నుంచి మార్చి దాకా తోపులోకి ఎవరినీ పోనివ్వరు. వేట జరిగే రోజుల్లో పార్కుని మామూలు జనానికి పూర్తిగా మూసేస్తారు.

చెక్-ఇన్ దగ్గరి సిబ్బంది గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే కాగితాలు చూశారు, లైసెన్సు చూశారు, తర్వాత అందరినీ కూర్చోబెట్టి గంట సేపు మ్యాపు మీద వివరంగా చెప్పారు. ఎవరి మాటు (దాక్కుని కూర్చునే చోటు) ఎక్కడ, ఏ దిక్కుకి కాల్చొచ్చు, ఏ దిక్కుకి కాల్చకూడదు, దెబ్బ తిన్న జింక హద్దు దాటి పోతే మనం వెంటపడకుండా వాళ్లకి ఫోన్ చేయాలి, ఇట్లాంటివన్నీ. నారింజ రంగు చొక్కా, టోపీ లేకుండా ఒక్క అడుగు కూడా వేయనివ్వరు. మాటుల నంబర్లు చీటీలు వేసి తీయించారు. నాకు ఇంగ్లిష్ యాస కొన్నిచోట్ల అర్థం కాక మళ్లీ అడిగితే, ఒక అమ్మాయి, జీవశాస్త్రం చదివి అక్కడే పనిచేస్తోందట, మ్యాపు మీద పెన్సిల్‌తో గీసి ఓపిగ్గా చూపించింది. అక్కడ మా రంగు మనుషులం మేమిద్దరమే, ఆ టెన్షన్ వెళ్లేముందు ఉంది, పదినిమిషాల్లో పోయింది. పక్క మాటు వాళ్లు, తండ్రీ కూతురు, వాళ్ల దగ్గరున్న చేతి వెచ్చదనపు ప్యాకెట్లు మాకు నాలుగిచ్చారు.

మొదటి సాయంత్రం జరిగింది నా మనసులో ఇంకా తిరుగుతోంది. నా మాటు ఎండిన వాగు ఒడ్డున, ఎదురుగా చిన్న గడ్డి మైదానం. ఐదు దాటాక పొదల్లోంచి ఒక్కొక్కటిగా నాలుగు జంతువులు బయటికొచ్చాయి. ఇక్కడి స్థానిక తెల్లతోక జింకలనుకుని తుపాకీ స్కోప్‌లో చూశాను. ఒంటి నిండా తెల్ల చుక్కలు. చుక్కల దుప్పులు! నా చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి బస్సులో వెళ్తుంటే నల్లమలలో రోడ్డు పక్కన కనిపించేవి, తెలంగాణకి రాష్ట్ర జంతువు, అవి ఇక్కడ, టెక్సాస్ ఎండు గడ్డిలో, తల వంచి మేస్తున్నాయి. వాటిని 1932లో ఇక్కడి రాంచ్‌లకి తెచ్చారని, తర్వాత కంచెలు దాటి అడవిలో కలిసిపోయాయని చదివాను గానీ కళ్లారా చూస్తే వేరు. వీటిని ఇక్కడ ఆక్సిస్ అంటారు, బయటి జాతి కాబట్టి రాష్ట్రంలో వాటికి వేట సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముట్టుకుంటే జైలు. మా పర్మిట్‌లో బయటి జాతులకి కూడా అనుమతి ఉంది. ముందున్నది పెద్ద మగది, మూడు మూడు చీలికల పొడుగాటి కొమ్ములు, 110 గజాల్లో అడ్డంగా నిలబడింది. సేఫ్టీ తీశాను. చాలాసేపు అట్లాగే ఉండి మళ్లీ పెట్టేశాను. అవి మేసి మేసి చీకట్లో కలిసిపోయాయి, పోతూ ఒకటి అరిచింది, ఆ అరుపు కూడా మన్ననూరులో విన్నదే.

రాత్రి గుడారం దగ్గర అన్నం వండుకుంటూ బావకి చెప్పాను.

"కొట్టకపోతివా? పర్మిట్‌ల ఉందిగదరా."

"మనసు రాలే బావా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీ తీ, రేపు చూద్దాం" అన్నాడు.

మరునాడు ఆ జీవశాస్త్రం అమ్మాయితో ఈ మాట చెప్తే ఆమె నవ్వలేదు, కోప్పడలేదు, కానీ సూటిగా చెప్పింది, మాకు అన్నిటికంటే తగ్గాల్సింది అవే అని. తెల్లతోక జింక ఆకులూ, మెత్తటి మొక్కలే తిని బతకగలదు, ఒట్టి గడ్డి దానికి అరగదు. చుక్కల దుప్పి అవన్నీ తింటుంది, అవి అయిపోయాక గడ్డి తిని కూడా బతికేస్తుంది. రెండూ ఒకేచోట పెరిగితే కరువొచ్చినప్పుడు చచ్చేది స్థానిక జింకే. ఆమె చెప్పింది న్యాయం, ఒప్పుకుంటాను. భూమికి మేలు చేయాలంటే ఆ సాయంత్రం నేను కాల్చాల్సింది. అయినా మళ్లీ అదే కనిపిస్తే ఏం చేస్తానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

రెండో రోజు తెల్లవారుజాము. చలి 29 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి, అందుకే ఆరున్నరకల్లా మాటులో కూర్చుని గడియారం చూసుకుంటూ ఉన్నాను. ముందు టర్కీల గుంపు చెట్లు దిగి వెళ్లింది. ఏడున్నర దాటాక మూడు తెల్లతోక ఆడ జింకలు వాగులోంచి పైకెక్కాయి. రెండు పెద్దవి, ఒకటి ఆ ఏడాది పిల్ల. పిల్ల ఏ తల్లిదో తెలిసేదాకా ఆగాను, అది ఎడమ దాని పక్కనే తిరుగుతోంది, కుడివైపుది విడిగా ఉంది. అది 85 గజాల్లో పక్కకి తిరిగి తలెత్తింది. గుండె శబ్దం నా చెవుల్లో నాకే వినిపిస్తోంది. రేంజ్‌లో నేర్పినట్టు ఊపిరి సగం వదిలి, ముందుకాలి వెనక గురి పెట్టి, నెమ్మదిగా నొక్కాను. అది ఒక్కసారి ఎగిరి, నలభై గజాలు పరిగెత్తి సీడర్ పొదలో పడిపోయింది.

చెప్పినట్టే పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. అవి చాలా పొడుగు నిమిషాలు. దగ్గరికి వెళ్లేసరికి ప్రాణం పోయింది. పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెడ మీద చెయ్యి పెట్టాను, ఇంకా వెచ్చగా ఉంది. సంతోషమే, నిజంగా సంతోషమే, కానీ దాంతోపాటు కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి, ఆ రెండూ ఒకేసారి వస్తాయని ఎవరూ ముందు చెప్పలేదు. కొనుక్కున్న చికెన్ మీద ఎప్పుడూ రాని ఆలోచనలు వచ్చాయి. చేతులు జోడించి దండం పెట్టుకుని అప్పుడు కత్తి తీశాను.

కడుపు చీల్చి పేగులు తీసే పని వీడియోలు చూసి నేర్చుకుందే. మొదటిసారి కాబట్టి నలభై నిమిషాలు పట్టింది, పేగు తెగకుండా చూసుకోవడమే ముఖ్యం. తర్వాత సిబ్బంది తూకం దగ్గరికి తీసుకెళ్తే 61 పౌండ్లు తూగింది, పేగులు తీశాక. ఈ గుట్టల్లో జింకలు చిన్నవే, ఎందుకంటే చాలా ఎక్కువ ఉన్నాయి. టెక్సాస్ మొత్తంలో తెల్లతోక జింకలు 50 లక్షలకు పైనే, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు, వాటిలో దట్టంగా ఉండేది హిల్ కంట్రీ అనే ఈ గుట్టల ప్రాంతంలోనే. ఒకప్పుడు స్క్రూవర్మ్ అనే ఈగ పురుగులు పిల్లల బొడ్డు పుండులో చేరి చంపేసేవి, 1960ల్లో వాటిని నిర్మూలించాక జింకలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. తోడేళ్లు లేవు. అందుకే ఈ లాటరీ, అందుకే ముఖ్యంగా ఆడ జింకలు.

ఆ జీవశాస్త్రం అమ్మాయి జింక దవడ తెరిచి పళ్ల అరుగుదల చూసి నాలుగున్నరేళ్లు అంది. మెడ దగ్గర గ్రంథులు తీసి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ పరీక్షకి పంపుతాం, మీకు ఇష్టమేనా అని అడిగింది, వెంటనే సరే అన్నాను. జింకల మెదడుని తినేసే జబ్బు అది, టెక్సాస్‌లో 2012లో మొదట బయటపడింది. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు, అయినా పరీక్షలో ఉందని తేలిన మాంసం తినొద్దనే సలహా ఇస్తారు. పరీక్ష చేయించండి, ఫలితం వచ్చేదాకా మాంసం డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి.

బావకి మూడో రోజు పొద్దున చిన్న కొమ్ముల మగ జింక దొరికింది. ఆయన మాట ఇక్కడ ఎక్కువ రాయను, అది ఆయన చెప్పుకోవాల్సిన కథ.

మాంసం కోయించడానికి ఒక చోటికి వెళ్లాం. బయట పికప్‌లు బారులు తీరి ఉన్నాయి, రెండు వారాలు పడుతుందన్నారు. సాసేజ్ చేయిస్తే మీ జింక మాంసమే మీకు వస్తుందని చెప్పలేం, అందరివీ కలిపి చేస్తాం అన్నారు. అది విన్నాక నాకు మనసొప్పలేదు, దానికి నేను పడ్డ బాధంతా వేరే ఎవరి జింకతోనో కలిసిపోతుందంటే ఎట్లా. కాళ్లు, భుజాలు, వీపు ముక్కలుగా విడదీసుకుని పెద్ద కూలర్‌లో ఐస్ నింపి ఇంటికి తెచ్చుకున్నాం. కూలర్ అడుగు బిరడా తీసి నీళ్లు కారిపోయేలా పెట్టాలి, మాంసం నీళ్లలో నానకూడదు. రెండు కూలర్లు తీసుకెళ్లండి, ఒకటి చాలదు. ఊళ్లో ఉన్నంతసేపట్లో నాకు నచ్చింది జింక కొమ్ములతో కట్టిన చెట్టు, కొమ్ములన్నీ పేర్చి క్రిస్మస్ చెట్టులా నిలబెట్టారు, ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఖర్చు లెక్క వేసుకుంటే పర్మిట్లు, దరఖాస్తులు కలిపి ఇద్దరికి 166 డాలర్లు, పెట్రోల్ సుమారు 110, మోటెల్ ఒక్క రాత్రికే 149, అదే మొత్తంలో దండగ. పార్కు గుడారం దానిలో చిన్న వంతు. వేట రైఫిళ్లూ తూటాలూ తయారుచేసేవాళ్లు అమ్మే ధర మీద 11 శాతం ఫెడరల్ పన్ను ఉంటుంది, 1937 నాటి చట్టం ప్రకారం అది మళ్లీ వన్యప్రాణుల సంరక్షణ లాంటి పనులకే వస్తుంది. ఆ మ్యాపు మీద పెన్సిల్ గీసిన అమ్మాయి జీతంలో కూడా ఎక్కడో ఇలాంటి డబ్బే ఉండొచ్చు అనుకుంటే నాకు మంచిగా అనిపించింది.

పరీక్ష ఫలితం మూడు వారాలకి వచ్చింది, జబ్బు లేదని. ఆ తర్వాతే వండాం. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువే పట్టింది. వెనక కాలు ముక్కలు పెరుగు, పచ్చి బొప్పాయి ముద్దతో రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లో ఆరు విజిల్స్, తర్వాత మిరియాలతో వేపుడు. భుజం మాంసం ఖీమా కొట్టి గోంగూరతో. వీపు మాంసం మాత్రం పులుసులో వేసి పాడుచేయకండి, ఉప్పూ మిరియాలతో పెనం మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు, అంతే చాలు.

ఆదివారం అమ్మకి వీడియో కాల్‌లో మొత్తం చెప్పాను. జింక కొట్టిన సంగతి విని ఊరుకుంది. చుక్కల దుప్పుల దగ్గరికి వచ్చేసరికి ముందుకు వంగింది.

"అవి అంత దూరం ఎట్ల పోయినయిరా?"

"ఓడల తీస్కపోయిన్రమ్మా, తొంభై ఏండ్ల కింద."

"నువ్ కొట్టలేవు గదా?"

"కొట్టలే."

కాసేపు చూసి, "ఆ కొట్టినదాంట్ల అల్లం జర ఎక్కువేసినవా, లేదా" అని అడిగింది.